ఆస్కార్ ట్యాంకులో జెల్ల

రావులపాలెం అరటి మార్కెట్టుకు దగ్గర్లోనే నా పళ్ళ క్లినిక్. పొద్దున్నే గెలలు దింపి, లారీలకు లోడెత్తి, దవడ పట్టుకుని వచ్చేవాళ్ళే నా పేషెంట్లలో ఎక్కువమంది. లోపల డ్రిల్లు చప్పుడు మొదలవగానే బయట హాల్లో కూర్చున్నవాళ్ళ ముఖాలు మారిపోయేవి. అంతంత బరువులు మోసే మనుషులు కూడా మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని, "మళ్ళీ వస్తామండి" అని మా సిస్టర్‌కి చెప్పి వెళ్ళిపోయేవారు. ఆ భయం కాస్త తగ్గుతుందని హాల్లో ఒక అక్వేరియం పెట్టించాను.

చేపలు రాజమండ్రిలో కొన్నాను. ఎర్రవి, తెల్లవి గోల్డ్ ఫిష్‌లు, చారలున్న చిన్న చేపలు కొన్ని తీసుకున్నాక, షాపతను ఇంకో తొట్టిలోంచి బొటనవేలంత చేపను వలతో తీసి చూపించాడు. నల్లటి ఒంటి మీద నిప్పుకణికల్లాంటి మచ్చలు.

"ఇది ఆస్కార్ మేడం. మనిషిని గుర్తుపడుతుంది," అన్నాడు.

"పెద్దదవుతుందా?"

"అన్నీ పెద్దవవుతాయి కదా మేడం."

నేను నవ్వి ఊరుకున్నాను. ఎంత పెద్దదవుతుందని అడగాలని తోచలేదు.

అతను చెప్పింది నిజమే. కొద్ది వారాల్లోనే అది నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. నేను తెల్లకోటు వేసుకుని హాల్లోకి రాగానే అద్దం దగ్గరకు వచ్చి తోక ఊపేది. పేషెంట్లు అది చూసి మురిసిపోయేవారు. నేను వాళ్ళకంటే ఎక్కువ మురిసిపోయేదాన్ని. ఈలోగా ట్యాంకులో చేపలు తగ్గుతూ వచ్చాయి. ముందు చారల చేపలు పోయాయి. ఫిల్టర్‌లో ఇరుక్కున్నాయేమోనని విప్పించి చూశాను. తర్వాత ఒక గోల్డ్ ఫిష్ కనపడలేదు. అమ్మానాన్నలతో వచ్చిన ఒక చిన్నపిల్ల, "డాక్టర్ ఆంటీ, తెల్ల చేపేది?" అని అడిగితే, రాయి వెనక నిద్రపోతోందని చెప్పాను. అప్పటికే నాకు అనుమానం ఉంది. అయినా అలాగే చెప్పాను. మర్నాడు పొద్దున తాళం తీసేసరికి ఆస్కార్ నోట్లోంచి ఎర్రటి తోక బయటికి వేలాడుతోంది. అది నన్ను చూసి, ఆ తోకతోనే అద్దం దగ్గరకు వచ్చింది.

"మేడం, దీన్ని తిరిగిచ్చేద్దామండి," అంది మా సిస్టర్. నా దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. పేషెంటుకు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

తిరిగివ్వడానికి నాకు మనసొప్పలేదు. నన్ను గుర్తుపట్టే చేప అది. దాని బదులు పెద్ద ట్యాంకు తెప్పించాను. ఇంటికి వెళ్ళాక ఫోన్లో ఆస్కార్‌ల గురించి చదవడం మొదలుపెట్టాను. దాని నోట్లో పట్టే చేపేదీ దానితో బతకదు. మరీ నెమ్మదైన దాన్ని వేస్తే అది మూలన నక్కి తిండి మానేస్తుంది. మరీ పొగరుదాన్ని వేస్తే రెండూ కొట్టుకు చస్తాయి. కొత్త చేపను వేసే ముందు లోపలి రాళ్ళు అటూ ఇటూ మార్చాలి. అప్పుడు పాతదానికి ఇది తన చోటన్న పట్టు సడలుతుంది. ముందుగా దాని కడుపు నింపాలి. కొన్నాళ్ళు మధ్యలో అద్దం అడ్డుపెట్టి, రెండింటికీ చూపు అలవాటు చెయ్యాలి.

ఇవన్నీ పాటించి, వెండి రూపాయిల్లా గుండ్రంగా, వెడల్పుగా ఉండే సిల్వర్ డాలర్ చేపలను తెచ్చి వేశాను. అవి బతికాయి. ఆస్కార్ కొన్నాళ్ళు వాటి వెంటపడి, తర్వాత మానేసింది. దాంతో నాకు గర్వం వచ్చేసింది. ఇళ్ళలో అక్వేరియం ఉన్న పేషెంట్లు సలహాలు అడిగేవారు. నేను పళ్ళ సంగతి పక్కనపెట్టి, హాల్లోకి వచ్చి నిలబడి మరీ చెప్పేదాన్ని. "నోళ్ళు కొలవడమే కదండీ నా పని, అదే ఇక్కడా పనికొచ్చింది," అంటే అందరూ నవ్వేవారు. ఆ నవ్వు నాకు చాలా బాగుండేది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన కట్టుడు పళ్ళ కోసం వచ్చేవాడు. గోదారి గట్టు అవతల, ఏటి మధ్యనున్న లంకలో ఇల్లు. ఒకప్పుడు రేవులో పడవ నడిపాడు. కొలతలకని, మైనం పళ్ళు సరిచూడటానికని చాలాసార్లు రావలసి వచ్చింది. ఎప్పుడొచ్చినా హాల్లో ట్యాంకుకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేవాడు. పిలిచినా వెంటనే లేచేవాడు కాదు.

"రండి తాతగారూ, లోపలికి."

"ఆయ్, వస్తానండి. ఇది ఏదో చెప్తున్నట్టుందండి. దాని మాట పూర్తవ్వనివ్వండి."

పళ్ళ సెట్టు పెట్టిన రోజున అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డాడు. "మా ఆవిడ గుర్తుపట్టదేమోనండి," అన్నాడు. మరుసటి వారం జాంకాయలు తీసుకుని వచ్చాడు. అవి కొరికి చూపించడానికే వచ్చాడని తర్వాత అర్థమైంది.

వానాకాలంలో గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిందని ఫోన్లన్నీ మోగాయి. లంకల్లోవాళ్ళను పడవల మీద తెచ్చి హైస్కూల్లో పెడుతున్నారు. ఆ మధ్యాహ్నం పెద్దాయన తడిబట్టలతో, చేతిలో బకెట్‌తో క్లినిక్‌కి వచ్చాడు. బకెట్ మీద తువ్వాలు కప్పి ఉంది.

"డాక్టరమ్మగారూ, చిన్న సాయం కావాలండి."

"పళ్ళేమైనా ఒరుసుకుంటున్నాయా తాతగారూ?"

"పళ్ళు భేషుగ్గా ఉన్నాయండి. దీన్ని కొన్నాళ్ళు ఉంచాలండి," అని తువ్వాలు తీశాడు.

లోపల ఒక జెల్ల చేప. బెత్తెడు పొడవుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, పొడుగాటి మీసాలు. తోక పైకొన ఎప్పుడో తెగినట్టుంది. పట్టుకోబోతే కిర్రుమని చప్పుడు చేసింది.

"మా నూతిలోదండి. పిల్లగా ఉన్నప్పుడు వేశాం, నీళ్ళకి పురుగు పట్టకుండా ఉంటుందని. ఏటి నీళ్ళు నూతి మీదకి ఎక్కితే ఎల్లిపోద్ది కదండీ. ఇది లేకుండా పడవెక్కనని మా ఆవిడ మొరాయించేసిందండి. అన్నం మెతుకులు వేసి, చేత్తో నీళ్ళు కదిపితే పైకి వచ్చేదండి. బడిలో పెడదామంటే మనుషులకే చోటు లేదు. పైగా బకెట్‌లో ఉంటే ఎవరో ఒకరు పులుసెట్టేసుకుంటారండి."

హాల్లో వాళ్ళందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, ట్యాంకువైపు చూశాడు. "మీకు పెద్ద తొట్టి ఉంది కదండీ. వీటి సంగతి మీకు బాగా తెలుసు. మీరు చెప్తుంటే విన్నాను." మళ్ళీ ఆస్కార్‌ని చూసి కాస్త ఆగాడు. అప్పటికి అది నా అరచెయ్యి కన్నా పెద్దదైంది. "ఆ పెద్దదేమీ చెయ్యదు కదండీ?"

అందరూ నావైపు చూస్తున్నారు. ఆస్కార్ నోరు ఎంత తెరుచుకుంటుందో, జెల్ల తల ఎంత వెడల్పో కంటితోనే కొలిచాను. పట్టదని చెప్పలేం. పడుతుందనీ చెప్పలేం. మా ఇంట్లో పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఖాళీగానే ఉంది. దాన్లో వేస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది కూడా. కానీ అంతమంది ఎదుట నా నోటివెంట ఇంకో మాట వచ్చింది.

"జెల్లకి ముళ్ళుంటాయి కదా తాతగారూ. దాని జోలికి ఏదీ రాదు."

"మీరు చెప్తే ఇంకేమీ లేదండి," అని బకెట్ మా సిస్టర్ చేతికిచ్చి, ఆయన బడివైపు వెళ్ళిపోయాడు.

పద్ధతి ప్రకారం మధ్యలో అద్దం అడ్డుపెట్టాను. జెల్ల రాయి కిందకు దూరింది. పగలంతా మీసాలు మాత్రమే కనిపించేవి. వచ్చినవాళ్ళు, "ఇదేంటండీ, కూర చేపని పెట్టారు?" అనేవారు. అడ్డం పెట్టిన అద్దం మీద పాకుడు పట్టి, ట్యాంకు సగానికి చీలినట్టు కనిపించేది. హాలు అందం పాడైందనిపించింది. ఆస్కార్ కూడా జెల్ల వైపు చూడటం లేదు. ఇంక పరవాలేదనుకుని ఒక ఉదయం అద్దం తీసేశాను. మా సిస్టర్, "ఆయనొచ్చేదాకా ఉంచుదాం మేడం," అంది. "ఏం కాదులే," అన్నాను. కొన్ని రోజులు నిజంగానే ఏం కాలేదు.

ఆ రోజు హాలు నిండా జనం. వరద తగ్గుముఖం పట్టి, దారులు తెరుచుకున్నాయి. లోపల ఒకరికి పన్ను తీసి దూది పెడుతుండగా బయట కేకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే ఆస్కార్ నీళ్ళ పైభాగంలో పక్కకు ఒరిగి కొట్టుకుంటోంది. నోరు పూర్తిగా తెరుచుకుపోయింది. నోట్లోంచి జెల్ల సగం ఒళ్ళు బయటికి ఉంది. పైకొన తెగిన తోక అటూ ఇటూ ఆడుతోంది. తల లోపలికి పోయాక జెల్ల ముళ్ళు రెండూ విప్పుకుని గొంతుకు అడ్డం పడ్డాయి. మింగడానికి లేదు, కక్కడానికి లేదు.

"చచ్చిపోతోందండీ!" అన్నారెవరో.

నేను ఒక బకెట్‌లో ట్యాంకు నీళ్ళు పోయించాను. పళ్ళకు వాడే లవంగ నూనె చుక్కలు వేసి బాగా కలిపాను. ఆ నూనెకు చేపలు మత్తుగా అవుతాయని ఎప్పుడో చదివాను. ఆస్కార్‌ని అందులోకి దింపాం. కొట్టుకోవడం మెల్లగా తగ్గింది. మా సిస్టర్ తడి తువ్వాల్లో దాన్ని పట్టుకుంది. దవడ వాచి తన వంతు కోసం కూర్చున్న ఒకాయన, అడగకుండానే ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. నేను గ్లౌజులు వేసుకుని, ఫోర్సెప్స్ తీసుకుని, హాల్లోనే నేల మీద మోకాళ్ళపై కూర్చున్నాను.

ఒకవైపు ముల్లు కనిపిస్తూనే ఉంది. ఎముక కత్తిరించే కట్టర్‌తో దాన్ని తెంపాను. జెల్ల కిర్రుమంది. అప్పటిదాకా అది బతికే ఉందన్న సంగతి నా ఆలోచనలోకే రాలేదు. లైటు పట్టుకున్నాయన, "అయ్యబాబోయ్, అరుస్తుందండీ," అన్నాడు. రెండో ముల్లు ఆస్కార్ బుగ్గలోకి దిగిపోయి ఉంది. నిదానంగా వెతికితే అందేదేమో. కాసేపు నీళ్ళలో ముంచి, మళ్ళీ తీసి ప్రయత్నించవచ్చు. కానీ ఆస్కార్ మొప్పలు ఆడటం తగ్గిపోతోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు. "పోతుందేమోనండి, పోతుందేమో," అంటున్నారు. జెల్ల గురించి ఎవరూ అనడం లేదు. నేను కట్టర్ కింద పెట్టి, బ్లేడు తీసుకుని జెల్లను మధ్యకు కోశాను. బయటి సగం నా చేతిలోకి వచ్చింది. ఆ తర్వాత లోపలిది ముక్కలుగా తీశాను. చిట్టచివర ముల్లు వచ్చింది.

ఆస్కార్‌ని తిరిగి ట్యాంకు నీళ్ళలోకి దింపి కాసేపు కదిలించాక మొప్పలు ఆడించింది. ఇంకాసేపటికి నిటారుగా నిలబడింది. హాల్లో చప్పట్లు కొట్టారు. నిజంగానే చప్పట్లు. జెల్ల ముక్కలు స్టీలు ట్రేలో ఉన్నాయి. మా సిస్టర్ వాటిమీద గాజుగుడ్డ కప్పి, నావైపు చూడకుండా లోపలికి తీసుకుపోయింది.

అదంతా ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. కాలేజీలో నాతో చదివిన డాక్టర్ల గ్రూపులో కూడా వచ్చింది. 'నీలాంటి మనసు అందరికీ ఉండదు' అని ఒకరు రాశారు. మర్నాడు లోకల్ కేబుల్ అబ్బాయి మైకు పట్టుకుని వచ్చాడు. పొమ్మని ఉండవలసింది. తల దువ్వుకుని, ట్యాంకు పక్కన నిలబడి, "ప్రాణం ఏదైనా ప్రాణమే కదండీ. మనిషైనా, చేపైనా," అని చెప్పాను. చెబుతుండగా అతని వెనక మా సిస్టర్ కనిపించింది. ఆవిడ బల్ల తుడుస్తోంది. తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. నాకు మాట తడబడింది. ఆ తడబాటు కూడా జాలిలాగే వచ్చిందట టీవీలో.

పెద్దాయనకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. బడి మా క్లినిక్‌కు దూరమేమీ కాదు. నడిచి వెళ్ళి చెప్పవచ్చు. ఈ రోజు పేషెంట్లు ఎక్కువున్నారని, రేపు వెళదామని వాయిదా వేస్తూ వచ్చాను. నేను వెళ్ళేలోపు ఆయనే వచ్చాడు. క్లినిక్ మూసే వేళకు, హాలు ఖాళీ అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బళ్ళో కుర్రోళ్ళు ఫోన్లో చూపించారండి," అన్నాడు. "తోక చూసి గుర్తుపట్టాను."

తీసిన తాళంచెవి మళ్ళీ బల్ల మీద పెట్టాను.

"తప్పు నాదేనండి. ముళ్ళ చేపని తెచ్చి మీ తొట్టిలో పడేశాను. దానివల్ల మీ చేపకి ఎంత కష్టమొచ్చిందండీ! రక్తం కూడా వచ్చిందంట కదా. బతికి బట్టకట్టింది, మీ చేతి చలవ. ఏమీ అనుకోకండమ్మా."

దాని జోలికి ఏదీ రాదని చెప్పింది నేను. అడ్డు తీసింది నేను. కోసింది నేను. అవన్నీ చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటివెంట వచ్చింది ఇది.

"పర్లేదండి తాతగారూ."

పర్లేదట. ఆయనను క్షమించాను నేను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసినవాటిలో, అన్నవాటిలో, ఆ ఒక్క మాట తలుచుకుంటేనే ఇప్పటికీ తల ఎత్తలేను. ఆయన ఊపిరి తేలికపడినట్టు తల ఊపాడు.

"మా ఆవిడకి మాత్రం చెప్పకండి. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. వీడియో చూడలేదు. నీళ్ళు తీశాక ఇంకో జెల్లని పట్టి నూతిలో వేసేస్తాను. పెద్దడాక్టరమ్మగారి తొట్టిలో దర్జాగా ఉందని చెప్పానండి."

సరేనన్నాను. అది తేలికైన దారి కాబట్టి సరేనన్నాను.

వరద తీసింది. లంకల్లోవాళ్ళు ఇళ్ళకు చేరి ఒండ్రు ఎత్తిపోసుకుంటున్నారు. ఒక ఉదయం పెద్దాయన భార్యను తీసుకుని వచ్చాడు. ఆవిడకు దంతం పుచ్చి నొప్పి. సన్నటి మనిషి, కళ్ళకు మందపాటి అద్దాలు. లోపలికి రాకముందే ట్యాంకు దగ్గరకు వెళ్ళి, అద్దానికి ముఖం ఆనించి చూసింది.

"మనదేదయ్యా?"

పెద్దాయన నావైపు చూశాడు. "రాయి కిందుంటుందే. పగలు బయటికి రాదు కదా."

ఆవిడ దంతానికి తాత్కాలికంగా మందు పెట్టి, మళ్ళీ వారానికి రమ్మన్నాను. నా చేతులు వాటి పని అవి చేశాయి. పని అయ్యాక ఆవిడ వెళ్ళలేదు. హాల్లోకి వెళ్ళి ట్యాంకు ఎదుట కుర్చీలో కూర్చుంది. పెద్దాయన వెళదామంటే, "వస్తుంది, ఉండు. ఆకలేస్తే వస్తుంది," అంది. నేను తర్వాతి పేషెంటును చూశాను. ఆ తర్వాతి వాళ్ళను చూశాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆవిడ అలాగే కనిపించింది. రాయివైపే చూస్తోంది. ఒకసారి లేచి, వేలి గోటితో అద్దం మీద మెల్లగా తట్టింది. ఆస్కార్ వచ్చి అక్కడ నిలబడింది. "నువ్వు కాదే," అంది దాంతో.

భోజనాల వేళకు హాలు ఖాళీ అయింది. ఆవిడ ఉంది. పక్కన పెద్దాయన నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను గ్లౌజులు తీసేసి, వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మా, రాయి కింద ఏమీ లేదు. మీ జెల్ల పోయింది."

పెద్దాయన, "డాక్టరమ్మగారూ..." అన్నాడు.

"లేదండి, చెప్పనివ్వండి," అని మొత్తం చెప్పాను. టబ్బు సంగతి, అడ్డు తీసిన సంగతి, పెద్ద చేప దాన్ని పట్టుకున్న సంగతి. "దీన్ని బతికించాలని దాన్ని కోసేశాను. అప్పటికది ప్రాణంతోనే ఉంది. ఇందులో తాతగారి తప్పేమీ లేదు. ఆయన నన్ను అడిగే ఇచ్చారు. నేనే ఏం కాదన్నాను."

ఆవిడ ట్యాంకులోని రాయివైపు మరోసారి చూసింది. తర్వాత భర్తవైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

ఆయన తల ఊపాడు.

"పొద్దున్నుంచి ఇక్కడ కూర్చోబెట్టావు. ఇంటిదగ్గర బురద అలాగే ఉంది." కోపంగా అనలేదు. పని గుర్తొచ్చినట్టు అంది. లేచి, పైట సర్దుకుని, నావైపు చూసింది.

"నొప్పెట్టిందా దానికి?"

రోజూ ఎంతమందికో చెబుతాను, నొప్పి తెలియదమ్మా, ఏమీ తెలియదు అని. ఆ మాట నాకు నోటికి వచ్చేసిన మాట. ఆవిడకు చెప్పలేకపోయాను.

"పెట్టింది," అన్నాను.

ఆవిడ తల ఊపి, మెట్లు దిగింది. పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, గోడ పట్టుకుని దిగింది.

ఆ సాయంత్రం కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, ఆ ఇంటర్వ్యూ మళ్ళీ వెయ్యవద్దని అడిగాను. జరిగింది వేరు అని చెప్పబోతే, "అయిపోయింది కదా మేడం, బాగా వచ్చింది," అన్నాడు. గ్రూపులో డాక్టర్లకు అసలు సంగతి రాశాను. ఒకరిద్దరు బాధపడుతున్న బొమ్మలు పెట్టారు. ఇంకొకరు, 'మరీ సున్నితం నువ్వు' అన్నారు. అందుకు కూడా మెచ్చుకున్నారని తెలిసి ఫోన్ పక్కన పెట్టేశాను. కొందరు పేషెంట్లు ఆస్కార్‌ని గోదాట్లో వదిలెయ్యమన్నారు. అక్కడ అది తినేవి ఇంకెన్నో. అందుకు ఒప్పుకోలేదు. సిల్వర్ డాలర్‌లను అడిగినవాళ్ళకు ఇచ్చేశాను. వాటిని అది ఏమీ చెయ్యలేదు. చెయ్యదని మాట ఇచ్చే ధైర్యం నాకే పోయింది. "తోడు వెయ్యొచ్చు కదా మేడం, ఒక్కటే బిక్కుబిక్కుమంటోంది," అని కొత్తవాళ్ళు అంటూనే ఉంటారు. ఏ చేప వెయ్యాలని సలహా అడిగేవాళ్ళను షాపుకు పంపిస్తాను.

వారానికి ఆవిడ రాదనుకున్నాను. వచ్చింది, ఒక్కతే. ట్యాంకుకు వీపు పెట్టి కూర్చుంది. లోపలికి పిలిచి పుచ్చిన చోటంతా శుభ్రం చేసి, సిమెంటు నింపి, కొరికి చూడమన్నాను. ఎత్తు సరిపోయిందంది. నోరు పుక్కిలించి, కుర్చీ దిగి, చెప్పులు వెతుక్కుంటూ, నావైపు తిరగకుండానే అడిగింది.

"ఆ పెద్దదానికి గొంతు మానిందా?"

"మానిందమ్మా."

"తింటోందా?"

"తింటోంది."

"ఊఁ," అంది. చెప్పులు దొరికాయి. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి పేషెంటును పిలవాలి. కడిగిన చేతులనే మళ్ళీ కడుక్కుంటున్నాను. మా సిస్టర్ నా ముఖం చూసి, తనే హాల్లోకి వెళ్ళి పిలిచింది.